జపనీస్‌కు ఇంగ్లీషు మీదుగానే వెళ్ళాలా?

జపనీస్ నేర్చుకుందామని ఇంటర్నెట్‌లో వెదకడం మొదలుపెట్టిన వారికి చాలా త్వరగా ఒక అంకె ఎదురవుతుంది: 2200 గంటలు. అమెరికా దౌత్య ఉద్యోగులకు విదేశీ భాషలు నేర్పే ఫారిన్ సర్వీస్ ఇన్‌స్టిట్యూట్ వేసిన లెక్క అది. అధ్యాపకుల ఎదుట 88 వారాలు తరగతిలో కూర్చుంటే గాని ఉద్యోగానికి పనికివచ్చేంత జపనీస్ పట్టుబడదని దాని సారాంశం. ఈమధ్య మా పిన్ని కూతురు ఆ అంకెనే నాకు చూపించి, "అక్కా, తరగతిలో చదివేవాళ్ళకే ఇన్ని గంటలు పడితే, ఇంట్లో ఒక్కదాన్నే చదువుకునే నాకు ఎప్పటికి వస్తుంది?" అని అడిగింది. నర్సింగ్ పూర్తిచేసిన ఆ అమ్మాయికి జపాన్‌లో వృద్ధుల సంరక్షణ పనికి వెళ్ళాలని కోరిక.

ఆ జాబితాను పూర్తిగా చదివితే అందులో తెలుగు కూడా కనిపిస్తుంది. ఫ్రెంచ్, స్పానిష్‌లకన్నా బాగా పైన, "కష్టమైన భాషల" వర్గంలో, 1100 గంటల లెక్కతో మన భాషను పెట్టారు. అంటే ఆ జాబితా కొలిచింది ఏ భాష ఎంత కఠినమని కాదు, ఇంగ్లీషు మాతృభాషగా ఉన్నవారికి ఏ భాష ఎంత దూరమని. మన ఇంటినుంచి జపనీస్‌కు ఉన్న దూరం గురించి అది ఏమీ చెప్పదు. అయినా మనం ఆ లెక్కను చూసి భయపడతాం, ఆ లెక్క వేసినవారి కోసం రాసిన పుస్తకాలతోనే మొదలుపెడతాం, ఆ పుస్తకాలు కష్టమన్న ప్రతిచోటా మనకూ కష్టమేనని నమ్ముతాం.

తరగతికి వెళ్ళకుండా, ఉద్యోగ అవసరం కొద్దీ జపనీస్ చదవడం నేర్చుకున్నదాన్ని నేను. సొంతంగా నేర్చుకునే తెలుగువారికి గురువు లేకపోవడం పెద్ద లోటు కాదనీ, వ్యాకరణాన్ని ఇంగ్లీషు ద్వారా నేర్చుకోవడమే అంతకన్నా పెద్ద లోటనీ నా అభిప్రాయం. దీనికి అడ్డువచ్చే సంగతులు కూడా ఉన్నాయి. వాటినీ ఇక్కడే చెబుతాను.

తిని చూడటం

ఆ చెల్లే అంతకుముందు కొంతకాలం ఒక శిక్షణ కేంద్రానికి వెళ్ళింది. పదో తరగతి వరకూ తెలుగు మాధ్యమంలో చదివిన ఆమెకు అక్కడ జపనీస్ పాఠాలన్నీ ఇంగ్లీషులోనే చెప్పారు. తన నోటుపుస్తకంలో "తబెతె మిమాసు" అన్న వాక్యం పక్కన, "మిరు అంటే చూడటం, కానీ ఇక్కడ ప్రయత్నించడం అని అర్థం, గుర్తుపెట్టుకోవాలి" అని రాసుకుంది. ఇంగ్లీషువారికి నిజంగానే అది గుర్తుపెట్టుకోవలసిన వింత. "తిని చూస్తాను అనమ్మా" అన్నాను. ఆమె ఒక్కక్షణం ఆగి, "అంతేనా అక్కా?" అంది. అవును, అంతే. తబెతె అంటే తిని, మిమాసు అంటే చూస్తాను. మనం కూర రుచి చూడటానికి ఏ మాట వాడతామో, చొక్కా కొనేముందు "వేసుకుని చూడు" అని ఎలా అంటామో జపాన్‌వారూ అలాగే అంటారు.

ఇది ఒక్క మాట దగ్గర తటస్థపడిన పోలిక అయితే ఇంత చెప్పవలసిన పని లేదు. జపనీస్ పాఠ్యపుస్తకాల్లో "తె రూపం" అన్న అధ్యాయం దగ్గర చాలామంది ఆగిపోతారు. ఆ రూపం చేసే పనిని వివరించడానికి ఇంగ్లీషు పుస్తకాలు ఒకచోట "అండ్" అంటాయి, ఇంకోచోట "ఇంగ్" అంటాయి, మరోచోట కారణార్థకమంటాయి. మన వ్యాకరణంలో క్త్వార్థకమని ఒక్క పేరుతో చెప్పుకునేదానితో ఆ పనిలో అధిక భాగం తీరిపోతుంది. "పొద్దున లేచి, ముఖం కడుక్కుని, అన్నం తిని, ఆఫీసుకు వెళతాను" అనే వాక్యం జపనీస్‌లో అదే క్రమంలో, అవే ముక్కలతో, చివర ఒకే ఒక్క సమాపక క్రియతో నిలబడుతుంది. "వర్షం పడి ఆట ఆగిపోయింది" అన్నప్పుడు రెండు క్రియలకూ కర్తలు వేరైనా మనకు ఎబ్బెట్టుగా ఉండదు కదా, జపనీస్‌లోనూ ఉండదు.

ఆ రూపానికి వచ్చి చేరే సహాయక క్రియలు కూడా అంతే. "వసురెతె షిమత్త" అంటే మరిచిపోయాను. మరవడానికీ పోవడానికీ ఏమిటి సంబంధమని తెలుగువారెవరూ అడగరు, ఆ "పోయాను"లోని చిన్న బాధ మనకు చెప్పకుండానే తెలుసు. "కత్తె ఒకు" అంటే ముందుగా కొని ఉంచడం. ఎవరైనా మనకోసం ఒక పని చేస్తే "చేసి పెట్టాడు" అంటాం, జపనీస్‌లోనూ చేయడం అనే క్రియ వెనుక ఇవ్వడం అనే క్రియ వచ్చి కూర్చుంటుంది. "నిన్న కొన్న పుస్తకం" అనడానికి "కినో కత్త హొన్" అంటారు. నిన్న, కొన్న, పుస్తకం, అంతే. ఇంగ్లీషువారు ఆ పుస్తకాన్ని ముందుకు తెచ్చి, దాని వెనుక ఒక సంబంధక పదం పెట్టి, ఆ తర్వాత ఎప్పుడు ఎవరు కొన్నారో చెప్పాలి. ఇంగ్లీషు మీదుగా వచ్చే తెలుగు విద్యార్థి తన వాక్యాన్ని ఒకసారి తలకిందులు చేసి, మళ్ళీ నిలబెట్టి, అప్పుడు జపనీస్‌లోకి వస్తాడు. ముక్కు పట్టుకోవడానికి చేతిని తల చుట్టూ తిప్పడమంటే ఇదే.

"వర్షం పడుతుందని అనుకుంటున్నాను" అనే వాక్యంలో "అని" చేసే పనిని అక్కడ "తొ" చేస్తుంది. "ఎవరో", "ఎవరూ" అని ప్రశ్నపదానికే చిన్న తోకలు తగిలించి మనం చేసే పనిని వారు "దరెక", "దరెమొ" అని చేస్తారు, రెండోదానితో క్రియ వ్యతిరేకార్థంలోకి మారడం సహా. మారు, మార్చు, తడియు, తడుపు, నిండు, నింపు అన్న జంటలు మనకున్నట్టే కవరు, కఎరు, నురెరు, నురసు వంటి జంటలు వారికి వందల కొద్దీ ఉన్నాయి. ఇంగ్లీషులో మారడానికీ మార్చడానికీ ఒకే మాట ఉండటం వల్ల ఆ భాషవారికి ఇది ప్రత్యేక పాఠమవుతుంది. మనకు పట్టిక రాసుకోవడమే పని.

చెవికి, నోటికి

ఉచ్చారణ విషయంలో కూడా మనకు కలిసివచ్చేది చాలా ఉంది. "కితె" అంటే వచ్చి, "కిత్తె" అంటే కోసి, "కీతె" అంటే విని. ద్విత్వాన్నీ దీర్ఘాన్నీ పలకడం, వినడం వేరే భాషలవారికి నెలల తరబడి సాధన కావచ్చు. ఒత్తుకూ దీర్ఘానికీ చిన్ననాడే అలవాటుపడ్డ చెవికి అది పెద్ద పని కాదు. ఎ, ఏలనూ ఒ, ఓలనూ వేరుచేసి పలకడం కూడా మన సొత్తే, హిందీవారికి ఆ సౌకర్యం లేదు. "చుట్టం"లోని చకారాన్ని, "జుట్టు"లోని జకారాన్ని పళ్ళకు తాకించి పలికే మనం, అదే చకారాన్ని "చిలుక"లో తాలవ్యంగా పలుకుతాం. జపనీస్ త వరుసలో మూడో అక్షరం మన "చుట్టం"లోని చు, రెండోది మన "చిలుక"లోని చి. ఈ తేడాను మనకు ఎవరూ నేర్పలేదు, అయినా మన నోటికి వచ్చు.

అక్షరమాల క్రమం కూడా మనకు కొత్తది కాదు. అ, ఇ, ఉ, ఎ, ఒ అని అచ్చులు, ఆ తర్వాత క, స, త, న, హ, మ, య, ర, వ అని హల్లుల వరుసలు. బౌద్ధ భిక్షువుల ద్వారా సంస్కృత వర్ణక్రమం జపాన్ చేరి, అక్కడి పండితులు సంస్కృతం రాయడానికి వాడిన సిద్ధం అనే లిపిని అధ్యయనం చేసిన ఫలితం ఇది. చ వర్గం ఉండవలసిన చోట స, ప వర్గం ఉండవలసిన చోట హ కనిపిస్తాయి. ఆ హకారం ఒకప్పుడు పకారమేనని తెలిస్తే క, చ, త, ప అన్న మన క్రమం దాదాపు అలాగే బయటపడుతుంది. నిఘంటువులో మాట వెదకడానికి ఇంగ్లీషువారు కొత్తగా బట్టీపట్టే వరుస, మనం పలక మీద దిద్దిన వరుసకు చుట్టం.

మర్యాద రూపాల విషయంలో ఇంగ్లీషు పుస్తకాలు చాలా గజిబిజి చేస్తాయి. "దెసు", "మాసు" అన్నవి మర్యాద రూపాలని చెప్పి ఊరుకుంటాయి, ఎవరి పట్ల మర్యాదో విడమరచి చెప్పవు. మనం "తమ్ముడు వచ్చాడండి" అన్నప్పుడు "వచ్చాడు"లో తమ్ముడికి గౌరవం లేదు, "అండి"లో వింటున్నవారికి గౌరవం ఉంది. జపనీస్‌లోని "ఒతోతొ గ కిమాషిత" సరిగ్గా ఇదే. ఆ "మాసు" మన "అండి". వాక్యంలోని మనిషికి ఇచ్చే గౌరవం వేరు, ఎదుటి మనిషికి ఇచ్చే గౌరవం వేరు అన్న ఈ సూక్ష్మాన్ని గోదావరి జిల్లాల్లో పుట్టిన పిల్లవాడికి ఏ పుస్తకమూ నేర్పనక్కరలేదు.

తెలుగు దారి తప్పించే చోట్లు

ఇంత చెప్పాక, తెలుగును నమ్ముకుంటే దెబ్బతినే చోట్ల గురించి చెప్పకపోతే అన్యాయమవుతుంది. మర్యాద దగ్గరే మొదటి ప్రమాదం ఉంది. "మా అమ్మగారు వచ్చారండి" అని బయటివారితో అనడం మన సంస్కారం. జపాన్‌లో బయటివారి ముందు తన తల్లిని "ఒకాసన్" అనకుండా "హహ" అని తగ్గించి చెప్పాలి. ఆఫీసు ఫోనులో బయటివారితో మాట్లాడుతూ తన పై అధికారి పేరు చెప్పవలసి వస్తే చివర మన "గారు"లా వచ్చే "సన్" తీసేసి చెప్పాలి. మన వారిని మనమే పెంచి చెప్పుకోవడం అక్కడ అమర్యాద. తెలుగు అలవాటు మీద ఆధారపడేవారు ఇక్కడ పొరపాటు చేయడం దాదాపు ఖాయం. ఇంగ్లీషు అలవాటుతో వచ్చేవారికి కనీసం ఈ ఒక్క చోట విడిచిపెట్టవలసింది ఏమీ ఉండదు.

పిల్లి "ఉంది", బల్ల "ఉంది" అని మనం రెంటినీ ఒకే గాటన కడతాం. జపనీస్‌లో ప్రాణమున్నదానికి "ఇరు", లేనిదానికి "అరు". ఇవ్వడం మనకు ఒకే క్రియ, వారికి ఇచ్చేది నావైపు వస్తోందా, నానుంచి వెళుతోందా అన్నదాన్నిబట్టి "కురెరు", "అగెరు" అని రెండు. "వ", "గ" అనే రెండు ప్రత్యయాల మధ్య తేడాకు తెలుగులో నేరుగా సమాధానం లేదు. "అయితే", "మాత్రం", లేదా స్వరంలో ఒత్తు, ఇవన్నీ అక్కడక్కడా దగ్గరకు వస్తాయి గాని ఏదీ చివరిదాకా తోడురాదు. దీన్ని వందల వాక్యాలు చదివి, విని, మెల్లగా వంటబట్టించుకోవలసిందే. గురువు ఉన్నా అంతే, ఎందుకంటే సూత్రం చెప్పడం సులువు, ఏ సందర్భంలో ఏది సహజమో చెప్పడానికి జపాన్‌లో పుట్టినవారు సైతం తడుముకుంటారు.

స్వరస్థాయి మరో చిక్కు. టోక్యో ఉచ్చారణలో "హషి" అనే మాట మొదటి అక్షరం హెచ్చుస్థాయిలో ఉంటే అన్నం తినడానికి వాడే పుల్లలు, రెండోది హెచ్చుస్థాయిలో ఉంటే వంతెన. తెలుగులో ఇలాంటి భేదం లేదు కాబట్టి మన చెవి దాన్ని పట్టించుకోదు. ఇంతకుముందు పొగిడిన చెవే ఇక్కడ ఏమీ చేయలేదు. ఒక్కరే నేర్చుకునేవారికి దీన్ని సరిదిద్దేవారుండరన్నది నిజమే. రికార్డు చేసుకుని అసలు ఆడియోతో పోల్చుకుంటూ, మాట్లాడేవారి వెంటనే పలికే సాధన చేస్తే చాలావరకు దారికి వస్తుంది. పూర్తిగా వస్తుందని మాత్రం నేను చెప్పలేను.

ఇక కంజి, అంటే జపనీస్ రాతలో వాడే చైనా అక్షరాలు. నిత్యవ్యవహారానికి జపాన్ ప్రభుత్వం 2010లో సవరించి ప్రకటించిన జాబితాలో 2136 అక్షరాలున్నాయి. అక్కడి పిల్లలు ప్రాథమిక పాఠశాల ఆరేళ్ళలో నేర్చుకునేవి వాటిలో 1026. తెలుగు మాట్లాడేవారికి ఆ గీతల విషయంలో ఏ రాయితీ లేదు. 2200 గంటల లెక్కలో కంజికి పడే వంతు మనకూ దాదాపు అంతే పడుతుంది. అయితే ఒకే అక్షరానికి రెండు మూడు ఉచ్చారణలు ఎందుకుంటాయన్న ప్రశ్న మాత్రం మనను బాధించకూడదు. మనం దాహం వేస్తే నీళ్ళడుగుతాం, ఊరికి జలాశయం కట్టుకుంటాం, "నీటాశయం" అని ఎవరూ అనరు. దేశి పదం విడిగా, తత్సమం సమాసంలో. నీటి అక్షరాన్ని వారు విడిగా "మిజు" అనీ, చైనానుంచి వచ్చిన సమాసాల్లో "సుయి" అనీ చదవడం ఇదే పద్ధతి. తేడా అల్లా, వారు రెంటినీ ఒకే గుర్తుతో రాస్తారు.

ఈ పోలికలన్నీ చూసి రెండు భాషలకూ చుట్టరికం ఉందనుకోవడం కూడా సరికాదు. సుసుము ఓనో అనే జపనీస్ భాషావేత్త తమిళానికీ జపనీస్‌కూ సంబంధం ఉందని ఏళ్ళ తరబడి వాదించారు, కానీ భాషాశాస్త్రవేత్తల్లో అత్యధికులు దాన్ని అంగీకరించలేదు. క్రియ చివర వచ్చే భాషలు, విభక్తులను వెనుక తగిలించుకునే భాషలు ప్రపంచంలో చాలా ఉన్నాయి. నేర్చుకునేవారికి ఆ అమరిక ఉపయోగపడితే చాలు, వంశవృక్షం అక్కరలేదు.

ఎదురువాదనలు

తెలుగులోకి మార్చుకుంటూ చదివితే ఎప్పటికీ అనువాదమే అలవాటవుతుందనీ, జపనీస్‌ను జపనీస్‌లోనే నేర్చుకోవాలనీ ఒక వాదన ఉంది. దీన్ని నేను గౌరవిస్తాను. కానీ ఇంగ్లీషు పుస్తకంతో మొదలుపెట్టినవారు కూడా అనువాదమే చేస్తున్నారు, అదీ రెండుసార్లు. ఆధారం ఏదో ఒకటి తప్పనప్పుడు, త్వరగా వదిలించుకోగలిగిన ఆధారం మంచిది. వాక్యక్రమం ఒకటే అయినప్పుడు తెలుగు ఊతకర్ర తొందరగానే అనవసరమైపోతుంది. జపాన్‌వారే దీనికి సాక్ష్యం. శతాబ్దాల పాటు వారు చైనా గ్రంథాలను చైనీస్ ఉచ్చారణతో నేర్చుకోలేదు. పదాల పక్కన చిన్న గుర్తులు పెట్టుకుని, వాక్యాన్ని తమ భాషాక్రమంలోకి తిప్పి, తమ ప్రత్యయాలు చేర్చి చదువుకున్నారు. కంబున్, అంటే పాత చైనీస్ రచనలు, చదివే ఆ పద్ధతిని అక్కడి బడుల్లో నేటికీ నేర్పుతారు. పరాయి గ్రంథం దగ్గరికి వారు తమ భాషలోనుంచే నడిచి వెళ్ళారు.

గురువు లేకుంటే క్రమశిక్షణ ఉండదన్న వాదన ఇంకా బలమైనది. తరగతి ఇచ్చే వేళ, తోటివారి పోటీ, తప్పు దిద్దే మనిషి, ఇవి చిన్న విషయాలు కావు. స్తోమత ఉండి, మంచి గురువు దొరికితే వెళ్ళమనే చెబుతాను. కానీ మన ఊళ్ళలో దొరికే తరగతులు ఎక్కువగా జె.ఎల్.పి.టి. అనే జపనీస్ భాషా ప్రావీణ్య పరీక్షను చూసుకుని నడుస్తాయి. 1984లో మొదలై, 2010లో అన్నిటికన్నా కష్టమైన ఎన్1 నుంచి తేలికైన ఎన్5 వరకూ అయిదు స్థాయిలుగా మారిన ఆ పరీక్షలో మాట్లాడటం లేదు, రాయడం లేదు. అన్నీ ఇచ్చిన సమాధానాల్లో ఒకటి గుర్తించే ప్రశ్నలే. ఎన్5కు 180లో 80, ఎన్1కు 100 వస్తే ఉత్తీర్ణత, విభాగాలవారీ కనీస మార్కులు కూడా వస్తే. తరగతికి వెళ్ళినా నోరు తెరవవలసిన అవసరం రాకపోతే, గురువు వల్ల కలగవలసిన ముఖ్యమైన లాభమే చేజారినట్టు. మా చెల్లి వెళ్ళిన చోట అదే జరిగింది. మార్కులు వచ్చాయి, "మందు వేసుకున్నారా?" అని ఒక ముసలాయనను అడగడానికి ధైర్యం రాలేదు.

వ్యాకరణం ఇంట్లో, తెలుగులో. సంభాషణ మాత్రం మనుషులతో. ఇప్పుడు ఆమె పాటిస్తున్న విభజన ఇది. జపాన్ ఫౌండేషన్ ఉచితంగా ఇంటర్నెట్‌లో పెట్టిన పాఠాలు, వాటి ఆడియో వింటుంది. కంజిని మరుపు వచ్చే సమయానికి మళ్ళీ ముందుకు తెచ్చే అంకి అనే ఉచిత సాఫ్ట్‌వేరుతో దిద్దుకుంటుంది. దాన్ని తయారుచేసిన డేమియన్ ఎల్మ్స్ కూడా జపనీస్ సొంతంగా నేర్చుకుంటూనే 2006లో దాన్ని విడుదల చేశారు. వారానికొకసారి జపాన్‌లో పనిచేస్తున్న ఒక సీనియర్ నర్సుతో ఫోనులో మాట్లాడుతుంది. వ్యాకరణం కోసం ఆ నర్సు సమయం వాడుకోదు, ఆస్పత్రిలో నిజంగా అనే మాటలే అడుగుతుంది.

లేనిది ఒకటి

ఈ పద్ధతికి అడ్డుపడేది నిఘంటువు. ఇంటర్నెట్‌లోని ఉచిత జపనీస్ నిఘంటువుల్లో చాలావాటికి ఆధారమైన పదకోశాన్ని ఆస్ట్రేలియాలోని మొనాష్ విశ్వవిద్యాలయానికి చెందిన జిమ్ బ్రీన్ 1991లో ఒక్కరే ఒక చిన్న ఫైలుగా మొదలుపెట్టారు. స్వచ్ఛందంగా పనిచేసేవారు చేతులు కలపడంతో అది పెరిగి, ఇంగ్లీషుతో పాటు జర్మన్, ఫ్రెంచ్, రష్యన్ అర్థాలు కూడా చేరాయి. క్రియేటివ్ కామన్స్ లైసెన్సు ఉంది కాబట్టి మూలాన్ని పేర్కొని, అవే షరతులతో ఎవరైనా దాని మీద పని చేయవచ్చు. తెలుగు అర్థాలు చేర్చడానికి లక్షల పదాలతో మొదలుపెట్టనక్కరలేదు. ఎక్కువగా వాడే క్రియలు, అందులోనూ కవరు, కఎరు వంటి జంటలు, తె రూపం తర్వాత వచ్చే సహాయక క్రియలు ముందు చేస్తే చాలు, ఎందుకంటే ఇంగ్లీషు అర్థం మనను చుట్టు తిప్పేది అక్కడే. పిల్లికి ఏ క్రియ, బల్లకు ఏ క్రియ, తల్లి గురించి బయటివారితో ఏ మాట వాడాలన్న హెచ్చరికలు కూడా ఆ పదాల పక్కనే ఉండాలి. మా చెల్లి నోటుపుస్తకంలో ఇలాంటివి ఇప్పటికే కొన్ని పేజీలున్నాయి. వాటిని శుభ్రంగా టైపు చేసి, అర్థాలు సరిచూసే పని నేను మొదలుపెట్టాను. సొంతంగా జపనీస్ చదువుకుంటున్న తెలుగువారు తమ నోటుపుస్తకాల్లోని క్రియలను పంపితే వాటినీ చేరుస్తాను.